విండోస్ 11 టాస్క్‌బార్‌ను మీ పనికి తగ్గట్టు సర్దుకోవడం ఎలా

రోజు మొత్తంలో మౌస్ ఎక్కువసార్లు పరుగెత్తేది స్క్రీన్ అడుగున ఉన్న సన్నటి పట్టీ మీదికే. అయినా కంప్యూటర్ కొన్న రోజు అది ఎలా ఉందో, మూడేళ్ల తర్వాత కూడా చాలామందికి అలాగే ఉంటుంది. మధ్యలో పొడుగాటి సెర్చ్ పెట్టె, మూలన వాతావరణం, ఎన్నడూ తెరవని రెండు మూడు ఐకాన్లు, కుడివైపు బాణం గుర్తు కింద దాక్కున్న ఇంకో డజను.

టాస్క్‌బార్ సర్దడమంటే రంగులు వేయడం అనుకుంటారు గానీ, రంగులు చివరి పని. అసలు పని వస్తువుల చోటు ఖాయం చేయడం. వంటగదిలో ఉప్పు డబ్బా ఎక్కడుందో చూడకుండానే చెయ్యి అటు వెళ్తుంది కదా, టాస్క్‌బార్ కూడా అలా ఉండాలి. కింద చెప్పే ప్రతి మార్పుకూ కొలత ఇదొక్కటే: ఐకాన్ ఉన్నచోటే ఉంటోందా, చూడకుండా దొరుకుతోందా?

మొదలుపెట్టే ముందు

సెట్టింగ్స్ తెరిచి సిస్టమ్ కింద అబౌట్ పేజీలో మీది విండోస్ 11లో ఏ వెర్షనో చూసుకోండి. 22హెచ్2, 23హెచ్2, 24హెచ్2 లాంటి పేరు ఉంటుంది. 2021 అక్టోబరులో వచ్చిన మొదటి విండోస్ 11లో టాస్క్‌బార్ సదుపాయాలు చాలా కోత పడ్డాయి. తర్వాతి అప్‌డేట్లలో కొన్ని ఒక్కొక్కటిగా తిరిగొచ్చాయి. కింద చెప్పిన ఆప్షన్ ఏదైనా మీకు కనిపించకపోతే చాలాసార్లు కారణం అప్‌డేట్ పెండింగ్‌లో ఉండటమే.

ఇంకొకటి కూడా ముందే నేర్చుకోవాలి, ఎక్స్‌ప్లోరర్‌ను రీస్టార్ట్ చేయడం. టాస్క్‌బార్‌ను నడిపేది విండోస్ ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రామే. ఐకాన్ మారకపోయినా, పట్టీ బిగుసుకుపోయినా కంప్యూటర్ మొత్తాన్ని రీస్టార్ట్ చేయక్కర్లేదు. కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్కేప్ నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ప్రాసెసెస్ జాబితాలో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను ఎంచుకుని రీస్టార్ట్ టాస్క్ నొక్కండి. పట్టీ ఒకటి రెండు సెకన్లు మాయమై తిరిగొస్తుంది. తెరిచి ఉన్న ఫోల్డర్ కిటికీలు మూసుకుపోవచ్చు గానీ మిగతా ప్రోగ్రాములకు ఏమీ కాదు.

ముందు ఊడ్చేయండి

టాస్క్‌బార్ ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి టాస్క్‌బార్ సెట్టింగ్స్ నొక్కండి. పై భాగంలో టాస్క్‌బార్ ఐటమ్స్ కనిపిస్తాయి.

సెర్చ్‌ను హైడ్ చేయండి. స్టార్ట్ మెనూ తెరిచి టైప్ చేయడం మొదలుపెడితే వెతుకులాట దానంతటదే జరుగుతుంది కాబట్టి, పట్టీలో అంత చోటు తినే పెట్టెతో పని లేదు. విడిగా కావాలంటే విండోస్ కీ + ఎస్ ఉండనే ఉంది. తెరిచిన కిటికీలన్నిటినీ ఒకేసారి చూపే టాస్క్ వ్యూ కూడా అంతే, విండోస్ కీ + ట్యాబ్‌తో వస్తుంది. విడ్జెట్స్ విషయంలో వాతావరణం చూసే అలవాటు ఉంటే ఉంచుకోండి. కానీ మౌస్ అటుగా వెళ్లినంత మాత్రాన పెద్ద ప్యానెల్ మీద పడటం విసుగు తెప్పిస్తుంది. విండోస్ కీ + డబ్ల్యూ నొక్కి, ఆ ప్యానెల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, హోవర్ చేస్తే తెరుచుకునే ఆప్షన్‌ను ఆఫ్ చేస్తే ఆ బెడద వదులుతుంది.

ఎడమకు జరపండి

అదే పేజీలో టాస్క్‌బార్ బిహేవియర్స్ అనే విభాగాన్ని తెరవండి. మొదటి ఆప్షన్ టాస్క్‌బార్ అలైన్‌మెంట్. మొదట్లో ఇది సెంటర్‌లో ఉంటుంది. లెఫ్ట్‌కు మార్చమనే మా సలహా. పాత అలవాటు మీద మమకారంతో కాదు, దీని వెనక చిన్న లెక్క ఉంది.

స్కేలింగ్ (తెర మీది అక్షరాలు, ఐకాన్ల సైజు) 100 శాతంలో ఉన్నప్పుడు ఒక్కో ఐకాన్ బటన్ వెడల్పు సుమారు 44 పిక్సెళ్లు. సెంటర్ అమరికలో కొత్త ప్రోగ్రామ్ ఒకటి తెరిస్తే వరుస 44 పిక్సెళ్లు పెరుగుతుంది. మధ్యలోనే ఉండాలి కాబట్టి మొత్తం వరుస 22 పిక్సెళ్లు ఎడమకు జరుగుతుంది. పిన్ చేయని (అంటే పట్టీ మీద శాశ్వతంగా పెట్టుకోని) ప్రోగ్రాములు మూడు తెరిస్తే 66 పిక్సెళ్లు. అంటే స్టార్ట్ బటన్ ఇందాకటి చోటుకు ఒకటిన్నర ఐకాన్ల దూరం పోయింది. వాటిని మూస్తే మళ్లీ వెనక్కి. చెయ్యి దేన్ని గుర్తుపెట్టుకోవాలి? ఎడమ అమరికలో ఈ జరుగుడు ఉండదు. స్టార్ట్ మూలన ఉంటుంది కనుక మౌస్‌ను ఆ మూలకు విసిరినా తగులుతుంది. పిన్ చేసినవి వాటి చోట్లలో, కొత్తగా తెరిచినవి వాటి తర్వాత.

మానిటర్ బాగా వెడల్పుగా ఉండి ఎడమ అంచు మరీ దూరం అనిపిస్తే సెంటర్‌లోనే ఉంచుకోండి. అలాంటప్పుడు రోజూ వాడేవన్నీ పిన్ చేసుకుంటే జరుగుడు తగ్గుతుంది. పిన్ చేసిన ప్రోగ్రామ్ తెరిచినా అదనంగా చోటు తీసుకోదు మరి.

పిన్ చేయడంలో కిటుకులు

ఎన్ని పిన్ చేయాలి? పది దాటకండి. విండోస్ కీ + 1 నొక్కితే మొదటి పిన్, విండోస్ కీ + 2 నొక్కితే రెండోది, అలా 9 వరకు, పదోదానికి 0. కీబోర్డుకు అందేది పదే. ఈ లెక్కలో స్టార్ట్, సెర్చ్ బటన్లు రావు, ప్రోగ్రాముల ఐకాన్లు మాత్రమే వస్తాయి. కాబట్టి వరుసను కీబోర్డు దృష్టితో పేర్చండి. ఎడమ చెయ్యి విండోస్ కీ మీద ఉంచితే 1 నుంచి 4 వరకు వేళ్లకు హాయిగా అందుతాయి, 7 దాటితే రెండో చెయ్యి కావాల్సిందే. రోజుకు యాభైసార్లు తెరిచే బ్రౌజర్, ఫోల్డర్లు, మెయిల్, మీ ప్రధాన పనిముట్టు మొదటి నాలుగు చోట్లలో ఉండాలి. ఐకాన్‌ను పట్టుకుని పక్కకు లాగితే వరుస మారుతుంది. ఒకసారి ఖాయం చేశాక కనీసం రెండు వారాలు కదపకండి, వేళ్లకు పట్టేది అప్పుడే.

అంకెలకు ఇంకొన్ని కీలు జోడించవచ్చు. విండోస్ కీ + షిఫ్ట్ + అంకె అంటే అదే ప్రోగ్రామ్‌లో ఇంకో కొత్త కిటికీ. విండోస్ కీ + ఆల్ట్ + అంకె అంటే ఆ ఐకాన్ జంప్ లిస్ట్. విండోస్ కీ + కంట్రోల్ + షిఫ్ట్ + అంకె అంటే అడ్మినిస్ట్రేటర్‌గా తెరవడం. మౌస్ వాడేవాళ్లకు ఐకాన్ మీద మధ్య బటన్ నొక్కినా, షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేసినా కొత్త కిటికీ వస్తుంది. ఒకే ప్రోగ్రామ్‌లో ఐదు కిటికీలుంటే కంట్రోల్ పట్టుకుని క్లిక్ చేసి చూడండి. చిన్న బొమ్మల వరుస రాకుండా చివరిగా వాడిన కిటికీ నేరుగా ముందుకొస్తుంది, మళ్లీ నొక్కితే తర్వాతది. ఈ ఒక్క అలవాటు చాలా క్లిక్కులు మిగులుస్తుంది, కానీ తెలిసినవాళ్లు తక్కువ.

జంప్ లిస్ట్ అంటే ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే జాబితా. ఇటీవల తెరిచిన ఫైళ్లు అందులో ఉంటాయి. రోజూ తెరిచే ఫైల్ పేరు మీద మౌస్ పెడితే పక్కన పిన్ గుర్తు వస్తుంది. దాన్ని నొక్కితే ఆ ఫైల్ జాబితా పైభాగంలో స్థిరపడుతుంది. జంప్ లిస్టులు ఖాళీగా ఉంటే పర్సనలైజేషన్ కింద స్టార్ట్ పేజీలో ఇటీవలి ఫైళ్లను, జంప్ లిస్టులను చూపించే ఆప్షన్ ఆఫ్‌లో ఉందేమో చూడండి. స్టార్ట్ మెనూలో సిఫారసులు కనిపించకూడదని దాన్ని ఆపేసి, జంప్ లిస్టులు ఎటుపోయాయని తలపట్టుకునేవాళ్లు చాలామంది. ఆ రెంటికీ స్విచ్ ఒకటే.

ఫోల్డర్‌ను నేరుగా పిన్ చేయడం కుదరదు. దాని మీద రైట్ క్లిక్ చేసి పిన్ టు క్విక్ యాక్సెస్ నొక్కితే అది ఫైల్ ఎక్స్‌ప్లోరర్ జంప్ లిస్ట్‌లోకి చేరుతుంది. చాలామందికి అదే సరిపోతుంది. సొంత ఐకాన్‌తో విడిగా కావాలంటే ఇలా చేయండి:

1. ఫోల్డర్‌ను ఎంచుకుని కంట్రోల్ + షిఫ్ట్ + సి నొక్కండి. దాని దారి కొటేషన్ గుర్తులతో సహా కాపీ అవుతుంది.
2. డెస్క్‌టాప్ ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి న్యూ, ఆపై షార్ట్‌కట్ నొక్కండి.
3. వచ్చిన పెట్టెలో ఎక్స్‌ప్లోరర్ అనే మాటను ఇంగ్లీషులో టైప్ చేసి, ఒక స్పేస్ ఇచ్చి, కాపీ చేసిన దారిని పేస్ట్ చేయండి. ఆ మాట ముందు పెట్టడంలోనే కిటుకంతా ఉంది. అప్పుడది విండోస్ దృష్టిలో ఫోల్డర్ కాదు, ప్రోగ్రామ్.
4. పేరు పెట్టి ముగించండి. షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో చేంజ్ ఐకాన్. ఈ అడుగు దాటేస్తే రెండు ఎక్స్‌ప్లోరర్ ఐకాన్లు కవలల్లా పక్కపక్కన కూర్చుంటాయి.
5. షిఫ్ట్ పట్టుకుని షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేస్తే పాత పద్ధతి మెనూ వస్తుంది. అందులో పిన్ టు టాస్క్‌బార్.

ఆ తర్వాత డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్‌ను తీసేయవచ్చు, పిన్ తన కాపీని విడిగా దాచుకుంటుంది. చిన్న లోపం ఒకటుంది. క్లిక్ చేశాక తెరుచుకున్న కిటికీ ఈ ఐకాన్ కింద కాకుండా మామూలు ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఐకాన్ కింద చేరుతుంది. దానికి సర్దుకుపోవాల్సిందే.

వెబ్‌సైట్‌ను పిన్ చేయాలంటే ఎడ్జ్‌లో మూడు చుక్కల మెనూ, మోర్ టూల్స్, పిన్ టు టాస్క్‌బార్. క్రోమ్‌లో అయితే పేజీని యాప్‌గా ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్ వాడండి. అలా చేస్తే ఆ సైట్ సొంత కిటికీలో, సొంత ఐకాన్‌తో తెరుచుకుంటుంది. నలభై ట్యాబుల మధ్య మెయిల్ ఎక్కడుందో వెతుక్కునే పని తప్పుతుంది.

పిన్‌లతో వచ్చే చిక్కులు రెండు. మొదటిది, పిన్ చేసిన ఐకాన్ ఒకచోట ఉండగా ప్రోగ్రామ్ తెరిస్తే వరుస చివర ఇంకో ఐకాన్ పుడుతుంది. ప్రతి కిటికీకీ విండోస్ ఒక గుర్తింపు ఇస్తుంది. పిన్‌కు ఉన్న గుర్తింపు, నడుస్తున్న కిటికీకి ఉన్న గుర్తింపు కలవకపోతే రెండూ వేర్వేరని అనుకుంటుంది. లాంచర్ (ముందు తాను తెరుచుకుని అసలు ప్రోగ్రామ్‌ను నడిపే చిన్న ప్రోగ్రామ్) ద్వారా తెరుచుకునే ప్రోగ్రాములలో ఇది ఎక్కువ. పాత పిన్‌ను తీసేసి, ప్రోగ్రామ్ నడుస్తుండగా వరుస చివర వచ్చిన ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి దాన్నే పిన్ చేస్తే చాలాసార్లు సరిపోతుంది. రెండోది, ఐకాన్ తెల్ల కాగితంలా మారి, నొక్కితే ఈ వస్తువు జరిగిందో తొలగిందో, తీసేయమంటారా అని అడగడం. అప్‌డేట్ తర్వాత ప్రోగ్రామ్ ఫైల్ వేరే ఫోల్డర్‌కు మారిందన్నమాట. తీసేసి మళ్లీ పిన్ చేయండి. నొక్కితే బాగానే తెరుచుకుంటూ బొమ్మ మాత్రమే తెల్లగా ఉంటే ఎక్స్‌ప్లోరర్ రీస్టార్ట్ చేసి చూడండి.

బటన్ల మీద పేర్లు కావాలా?

ఒకే ప్రోగ్రామ్‌లో నాలుగైదు పత్రాలు తెరిచి పనిచేసేవాళ్లకు, ముఖ్యంగా లెక్కల షీట్లతో, అనువాదాలతో కుస్తీ పట్టేవాళ్లకు పేర్లు కనిపించడం పెద్ద ఊరట. విండోస్ 11 వచ్చినప్పుడు ఈ సదుపాయం లేదు, 2023 చివర్లో తిరిగొచ్చింది. టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో కంబైన్ టాస్క్‌బార్ బటన్స్ అండ్ హైడ్ లేబుల్స్ అనే ఆప్షన్‌కు మూడు విలువలున్నాయి. ఆల్వేస్ పెడితే ఐకాన్లే. నెవర్ పెడితే ప్రతి కిటికీకీ పేరుతో విడి బటన్. వెన్ టాస్క్‌బార్ ఈజ్ ఫుల్ పెడితే చోటున్నంతసేపు పేర్లు, నిండాక కలిసిపోవడం. మూడోది వినడానికి మధ్యేమార్గంలా ఉంటుంది గానీ, పట్టీ నిండే క్షణంలో బటన్లన్నీ ఒక్కసారిగా ముడుచుకుని చోట్లు మారిపోతాయి. చోటు స్థిరంగా ఉండాలన్న మన సూత్రానికి అదే దెబ్బ. ఆల్వేస్ గానీ నెవర్ గానీ ఎంచుకోండి.

24హెచ్2కు వచ్చిన అప్‌డేట్లలో బటన్లను చిన్నవి చేసే ఆప్షన్ కూడా ఇదే విభాగంలో చేరింది. ఇది ఐకాన్లను మాత్రమే కుదిస్తుంది, పట్టీ ఎత్తు తగ్గదు. స్క్రీన్ మీద చోటు మిగులుతుందని ఆశపడితే నిరాశే.

గడియారం పక్కన జనాభా

కుడివైపు మూలను సిస్టమ్ ట్రే అంటారు. టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో అదర్ సిస్టమ్ ట్రే ఐకాన్స్ తెరిస్తే ఒక్కో ప్రోగ్రామ్ పక్కన ఒక్కో స్విచ్ ఉంటుంది. ఆన్ చేసినవి పట్టీ మీద కనిపిస్తాయి, మిగతావి బాణం గుర్తు కిందకు పోతాయి. బాణం నొక్కి, లోపలి ఐకాన్‌ను పట్టీ మీదికి లాగినా ఇదే పని జరుగుతుంది. బయట ఉంచాల్సింది స్థితి మారినప్పుడు మీకు తెలియాల్సినవి మాత్రమే: ఫైళ్లను సింక్ చేసే ప్రోగ్రామ్, వీపీఎన్, బ్యాకప్. మూడు నాలుగు మించితే మళ్లీ పాత కథే.

ఈ జాబితాలో ఒక వింత కనిపిస్తుంది. ఒకే ప్రోగ్రామ్ పేరు రెండు మూడుసార్లు ఉంటుంది. మీరు ఆన్ చేసి పెట్టిన ఐకాన్ కొన్నాళ్లకు మళ్లీ లోపల దాక్కుంటుంది కూడా. ట్రే ఐకాన్‌ను విండోస్ సాధారణంగా ఆ ప్రోగ్రామ్ ఫైల్ ఉన్న దారిని బట్టి గుర్తిస్తుంది. కొన్ని ప్రోగ్రాములు అప్‌డేట్ అయిన ప్రతిసారీ కొత్త వెర్షన్ అంకెతో కొత్త ఫోల్డర్ చేసుకుని అందులోకి మారతాయి. దారి మారేసరికి విండోస్ లెక్కలో అది కొత్త వ్యక్తి, కొత్తవాళ్ల చోటు బాణం కిందే. జాబితాలో ఒకే పేరుతో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా ఆన్ చేస్తూ పట్టీని గమనించండి. ఏది నొక్కితే ఐకాన్ కనిపించిందో అదే బతికున్నది. కావాల్సిన ప్రోగ్రామ్ పేరు జాబితాలోనే లేకపోతే అది ఇంతవరకూ ట్రేలోకి రాలేదన్నమాట. ఒకసారి నడపండి.

నెట్‌వర్క్, వాల్యూమ్, బ్యాటరీ గుర్తులు మూడూ కలిసి ఒకే బటన్, విడివిడిగా తీసే స్విచ్‌లు లేవు. కానీ వాల్యూమ్ గుర్తు మీద మౌస్ ఉంచి చక్రం తిప్పితే ధ్వని పెరుగుతుంది, తగ్గుతుంది. ఇక పట్టీ కుడి చివర అంచును నొక్కితే డెస్క్‌టాప్ కనిపించాలంటే బిహేవియర్స్‌లో ఫార్ కార్నర్ అని ఉన్న పెట్టెలో టిక్ పెట్టండి. కీబోర్డులో దాని జోడీ విండోస్ కీ + డి.

గడియారంలో వారం పేరు

సెకన్లు చూపించే ఆప్షన్ పాత అప్‌డేట్లలో టాస్క్‌బార్ బిహేవియర్స్ కింద ఉండేది, కొత్తవాటిలో టైమ్ అండ్ లాంగ్వేజ్ కింద డేట్ అండ్ టైమ్‌లో ఉంది. ప్రతి సెకనూ గీయాలి కాబట్టి బ్యాటరీ కొంత ఎక్కువ వాడుతుందని ఆ ఆప్షన్ పక్కనే రాసి ఉంటుంది.

వారం పేరు కోసం టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో లాంగ్వేజ్ అండ్ రీజియన్, అందులో అడ్మినిస్ట్రేటివ్ లాంగ్వేజ్ సెట్టింగ్స్ నొక్కండి. పాత తరహా కిటికీ తెరుచుకుంటుంది. ఫార్మాట్స్ ట్యాబ్, అడిషనల్ సెట్టింగ్స్, డేట్ ట్యాబ్. షార్ట్ డేట్ పెట్టెలో ఇప్పుడున్న దానికి ముందు ఇంగ్లీషు చిన్న బడి అక్షరం డి మూడుసార్లు, ఆపై కామా, స్పేస్ చేర్చండి. మూడు పెడితే వారం పేరు పొట్టిగా, నాలుగు పెడితే పూర్తిగా. నెలకు వాడే ఎం మాత్రం పెద్ద అక్షరమే కావాలి, చిన్న ఎం అంటే నిమిషాలు. ఒక హెచ్చరిక: ఈ మార్పు గడియారానికే పరిమితం కాదు, ఫోల్డర్లలో తేదీ వరుస, లెక్కల షీట్లలో తేదీలు కూడా ఈ రూపంలోకి మారతాయి.

రంగు ఎందుకు మారదు?

పర్సనలైజేషన్‌లో కలర్స్ పేజీ తెరిచి, స్టార్ట్, టాస్క్‌బార్‌లకు యాక్సెంట్ కలర్ వేసే స్విచ్ నొక్కబోతే అది బూడిద రంగులో ఉండి కదలదు. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. లైట్ మోడ్‌లో పట్టీకి రంగు వేయనివ్వరు. పైన చూజ్ యువర్ మోడ్‌ను కస్టమ్‌కు మార్చి, విండోస్ మోడ్‌కు డార్క్, యాప్ మోడ్‌కు లైట్ పెట్టండి. పట్టీ, స్టార్ట్ మెనూ ముదురుగా, ప్రోగ్రాములు తెల్లగా ఉంటాయి. ఇప్పుడు రంగు స్విచ్ పనిచేస్తుంది.

ట్రాన్స్‌పరెన్సీ ఎఫెక్ట్స్ కూడా ఇదే పేజీలో ఉంది. ఆన్‌లో ఉన్నా పట్టీ మొద్దుగా కనిపిస్తుంటే ల్యాప్‌టాప్ బ్యాటరీ సేవర్‌లో (24హెచ్2 నుంచి దాని పేరు ఎనర్జీ సేవర్) ఉందేమో చూడండి. అది నడుస్తున్నంతసేపు పారదర్శకత ఆగిపోతుంది.

దాక్కునే పట్టీ, దాక్కోని పట్టీ

చిన్న ల్యాప్‌టాప్ స్క్రీన్లకు, ఒకే బొమ్మ గంటల తరబడి నిలిస్తే మచ్చ పడే ఓలెడ్ తెరలకు ఆటోమేటికల్లీ హైడ్ మంచిది. తీరా ఆన్ చేశాక పట్టీ దాక్కోకుండా మొండికేస్తే, ఏదో ప్రోగ్రామ్ మిమ్మల్ని పిలుస్తోందన్నమాట. మెరుస్తున్న ఐకాన్ ఉంటే ఒకసారి నొక్కి ఆ కిటికీ చూడండి. కనిపించకపోతే బాణం కింద ట్రేలో ఏదైనా సందేశం వేచి ఉందేమో చూడండి. ఇది మాటిమాటికీ జరుగుతుంటే బిహేవియర్స్‌లో షో ఫ్లాషింగ్ ఆన్ టాస్క్‌బార్ యాప్స్ ఆపేయండి. అప్పటికీ కదలకపోతే ఎక్స్‌ప్లోరర్ రీస్టార్ట్.

రెండు మానిటర్లు, రెండు డెస్క్‌టాప్‌లు

బిహేవియర్స్‌లో షో మై టాస్క్‌బార్ ఆన్ ఆల్ డిస్‌ప్లేస్ ఆన్ చేస్తే, ఏ కిటికీ ఐకాన్ ఏ మానిటర్ మీద కనిపించాలో అడుగుతుంది. కిటికీ ఉన్న మానిటర్ పట్టీ మీద మాత్రమే చూపించేది ఎంచుకోండి. ఎదురుగా ఏముందో దాని ఐకానే దాని కింద ఉంటుంది. బటన్ల పేర్ల ఆప్షన్ రెండో మానిటర్‌కు విడిగా ఉంటుంది కాబట్టి మొదటిదాంట్లో ఐకాన్లు, రెండోదాంట్లో పేర్లు పెట్టుకోవచ్చు.

మానిటర్ ఒకటే ఉన్నా పనులను విడదీయాలంటే విండోస్ కీ + కంట్రోల్ + డి నొక్కి ఇంకో డెస్క్‌టాప్ చేసుకోండి. విండోస్ కీ + కంట్రోల్ పట్టుకుని ఎడమ, కుడి బాణాలతో అటూ ఇటూ వెళ్లవచ్చు. సిస్టమ్ కింద మల్టీటాస్కింగ్ పేజీలో, డెస్క్‌టాప్స్ విభాగంలో, టాస్క్‌బార్ మీద ఇప్పుడు వాడుతున్న డెస్క్‌టాప్ కిటికీలే కనిపించాలని పెట్టండి. పిన్‌లు మాత్రం అన్ని డెస్క్‌టాప్‌లకూ ఉమ్మడి.

మొండికేసిన ప్రోగ్రామ్‌కు ఎండ్ టాస్క్

సిస్టమ్ కింద ఫర్ డెవలపర్స్ పేజీలో ఎండ్ టాస్క్ అనే స్విచ్ ఉంటుంది. కొత్త అప్‌డేట్లలో ఆ పేజీ పేరు అడ్వాన్స్‌డ్. ఆన్ చేస్తే, టాస్క్‌బార్ ఐకాన్ మీద రైట్ క్లిక్‌లోనే ఎండ్ టాస్క్ వస్తుంది. దీన్ని క్లోజ్ విండోతో ఒకటిగా చూడకండి. క్లోజ్ విండో అనేది మర్యాదగా వెళ్లమని చెప్పడం, సేవ్ చేయాలా అని ప్రోగ్రామ్ అడుగుతుంది. ఎండ్ టాస్క్ మెడపట్టి గెంటడం. సేవ్ చేయనిది పోతుంది.

విండోస్ ఇవ్వనివి కావాలంటే

పట్టీని పైకి గానీ పక్కకు గానీ మార్చడం, ఎత్తు తగ్గించడం విండోస్ 11 మొదటి నుంచీ సెట్టింగ్స్‌లో లేవు. మీ వెర్షన్‌లో అలాంటి ఆప్షన్ కనిపిస్తే అదే వాడండి, లేకపోతే బయటి ప్రోగ్రామ్ కావాలి. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) ఒక విలువ మారిస్తే చాలు అనే చిట్కాలు ఇంకా తిరుగుతున్నాయి. అవి 2021 నాటి మొదటి వెర్షన్‌కు పనిచేసినవి, తర్వాత ఆ దారులు మూసుకుపోయాయి. వాటి మీద గంటలు పోగొట్టుకోకండి.

పారదర్శకత ఒక్కటే కావాలంటే ట్రాన్స్‌లూసెంట్‌టీబీ చాలు, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరుకుతుంది. పట్టీని పూర్తిగా గాజులా చేసి లేత రంగు వాల్‌పేపర్ పెడితే తెల్లటి గడియారం అంకెలు కనిపించవు. డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు క్లియర్, కిటికీ నిండుగా పరిచినప్పుడు మామూలు రంగు వచ్చేలా దాని మెనూలో విడివిడిగా పెట్టుకోవచ్చు.

ఎత్తు తగ్గించడానికి మేము ముందుగా సూచించేది విండ్‌హాక్. ఇది మాడ్‌లు అనే చిన్న చిన్న మార్పులను ఎక్స్‌ప్లోరర్‌లోకి అది నడుస్తుండగానే చొప్పిస్తుంది. సిస్టమ్ ఫైళ్లను ముట్టుకోదు కాబట్టి మాడ్‌ను ఆపేస్తే పాత రూపం వచ్చేస్తుంది. ముందుగా స్టార్ట్‌లో రిస్టోర్ పాయింట్ అని ఇంగ్లీషులో వెతికి, సిస్టమ్ ప్రొటెక్షన్ ట్యాబ్‌లో క్రియేట్ నొక్కి ఒక పాయింట్ చేసుకోండి, ఏదైనా చెడితే ఇప్పటి స్థితికి వెనక్కి రావడానికి. తర్వాత విండ్‌హాక్‌ను దాని సొంత సైట్ నుంచే దించుకుని, ఎక్స్‌ప్లోర్ పేజీలో టాస్క్‌బార్ హైట్ అండ్ ఐకాన్ సైజ్ మాడ్‌ను వెతికి ఇన్‌స్టాల్ చేయండి. దాని సెట్టింగ్స్‌లో మూడు అంకెలుంటాయి. విండోస్ 11 సహజ కొలతలు ఐకాన్ 24, పట్టీ ఎత్తు 48, బటన్ వెడల్పు 44. పోల్చుకోవడానికి, విండోస్ 10 పట్టీ ఎత్తు 40. మొదటిసారి 20, 40, 38 పెట్టి సేవ్ చేసి చూడండి. ఇంకా తగ్గించాలంటే 16, 32, 32. ఎత్తు 40 కంటే తగ్గితే గడియారం, తేదీ రెండు వరుసలు ఇరుక్కున్నట్టు కనిపించడం మొదలవుతుంది. పట్టీని పైకి జరిపే మాడ్, నిలువుగా పక్కన పెట్టే మాడ్ కూడా అక్కడే ఉన్నాయి.

ఎక్స్‌ప్లోరర్‌ప్యాచర్ విండోస్ 10 తరహా పట్టీని మొత్తంగా తెస్తుంది. మార్పు లోతైనది కాబట్టి విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా తేడా కొట్టే అవకాశమూ ఎక్కువే. కొన్ని యాంటీవైరస్‌లు దాన్ని అనుమానంగా చూస్తాయి. దేన్ని వాడినా పద్ధతి ఒకటే, అప్‌డేట్‌కు ముందు ఆ ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ వచ్చిందేమో చూసి దాన్ని ముందు వేసుకోవాలి. రెండు ప్రోగ్రాములను కలిపి వాడకూడదు, పట్టీ కోసం అవి కొట్టుకుంటాయి.

అప్‌డేట్ తర్వాత స్క్రీన్ మీద పట్టీ మిణుకుమిణుకుమంటూ వచ్చిపోతుంటే ఎక్స్‌ప్లోరర్ పదేపదే కూలిపోతోందని అర్థం. కంగారు పడకండి. పట్టీ లేకపోయినా కంట్రోల్ + షిఫ్ట్ + ఎస్కేప్ పనిచేస్తుంది. టాస్క్ మేనేజర్‌లో రన్ న్యూ టాస్క్, ఆపై బ్రౌజ్ నొక్కి, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఆ ప్రోగ్రామ్ పేరుతో ఉన్న ఫోల్డర్‌ను తెరవండి. అందులోని అన్‌ఇన్‌స్టాల్ ఫైల్‌తో (ఎక్స్‌ప్లోరర్‌ప్యాచర్‌కైతే ep_setup.exe ఎంచుకుని, చివర ఒక స్పేస్ ఇచ్చి /uninstall చేర్చి) ఆ ప్రోగ్రామ్‌ను తీసేసి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి.

పిన్‌ల వరుసను దాచుకోవడం

అంతా కుదిరాక ఆ అమరికను దాచుకోండి. పిన్‌ల షార్ట్‌కట్‌లు మీ యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటా, రోమింగ్, మైక్రోసాఫ్ట్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్, క్విక్ లాంచ్, యూజర్ పిన్డ్, టాస్క్‌బార్ అనే దారిలో ఉంటాయి. యాప్‌డేటా దాచిన ఫోల్డర్ కాబట్టి ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో కింద హిడెన్ ఐటమ్స్ ఆన్ చేస్తేనే కనిపిస్తుంది. ఈ ఫోల్డర్ ఒక్కటే కాపీ చేస్తే వరుస తిరిగి రాదు, ఎందుకంటే ఏది ముందు, ఏది వెనక అన్న సంగతి రిజిస్ట్రీలో ఉంటుంది. రిజిస్ట్రీ ఎడిటర్‌లో కరెంట్ యూజర్ శాఖ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, ఎక్స్‌ప్లోరర్ దాటి టాస్క్‌బ్యాండ్ అనే కీ దగ్గరకు వెళ్లి, రైట్ క్లిక్ చేసి ఎక్స్‌పోర్ట్ నొక్కండి. అక్కడ దేన్నీ మార్చకండి, ఎక్స్‌పోర్ట్ చేసి బయటకు రండి. పిన్‌లు చెదిరిపోయిన రోజు ఫోల్డర్‌లోని షార్ట్‌కట్‌లను వాటి చోట పెట్టి, దాచిన ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి, ఎక్స్‌ప్లోరర్ రీస్టార్ట్ చేయండి. స్టోర్ నుంచి వచ్చిన యాప్‌లకు ఆ ఫోల్డర్‌లో షార్ట్‌కట్ ఉండదు. ఏదైనా తిరిగి రాకపోతే దాన్ని చేత్తో పిన్ చేసుకుని, దాని పాత అంకె దగ్గరకు లాగి పెట్టండి.